ఇటుకని తిరిగిచ్చే గోడ

కాశీనగరంలో పాత బియ్యంమిల్లు పడగొడుతున్నారని
తెల్లారకముందే దాలమ్మ మా గుమ్మంలో నిలబడింది.
"మేస్త్రీ, రద్దు కొన్నాను.
ఎంత ఏరుకుంటే అంత మనది. రెండ్రోజులే గడువు."

తుఫాను ఆమె పాకని
వంశధార ఇసకలో ఎక్కడో దించేసింది.
మూడేళ్లుగా చెల్లెలి పంచలో పక్క.
కొంగుముడిలో ముప్ఫై ఎనిమిది వేలు.
బట్టీవాడు ఆ డబ్బుకి
రెండు గోడలొస్తాయని నవ్వాడట,
మిగతా రెండూ ఆకాశానివట.

సుత్తీ ఉలీ పట్టుకుని మిల్లులోకి వెళ్లాను.
ఉత్తరపు గోడ చూడగానే కాళ్లు ఆగాయి.
అది నేను కట్టిందే.
ఇరవై రెండేళ్ల కింద, మీసం ఇంకా మొలవని రోజుల్లో.
కంట్రాక్టరు కుర్చీలోంచి లేవకుండానే అనేవాడు:
"ఒకటికి ఆరెందుకురా, పది కలుపు. గోడకి నోరుందా?"
పది కలిపాను.
ఆ రాత్రి కూలి డబ్బు లెక్కపెడుతుంటే
వేళ్లకి ఇసకే తగిలింది.

ఇప్పుడు ఉలి ఆనించానో లేదో
ఇటుక వచ్చి అరచేతిలో కూచుంది,
అంచైనా చెదరకుండా,
పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు.

పక్కనే తూర్పు గోడ మా మావయ్య కట్టింది.
పాళ్లు తప్పని మనిషి, కంట్రాక్టరుతో గొడవపడి
ఆ ఏడాది దసరాకి పనిలేక కూచున్నవాడు.
ఆయన గోడలోంచి
ఒక్క ఇటుకా ప్రాణాలతో బయటపడలేదు.
సిమెంటు పట్టిన పట్టు విడవదు,
తాను పగిలినా సరే, ఇటుకని పగలగొట్టి పోతుంది.

"మీ దొంగపనే నాకు మేలయింది మేస్త్రీ,"
దాలమ్మ పడీపడీ నవ్వింది.
నేను ఉలికి పదును చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

మధ్యాహ్నం ఐజాక్ గమాంగో కేకేశాడు.
మిల్లు వెనక గుమాస్తా గది,
మా తాతల కాలం నాటి గానుగ సున్నం పని.
తుఫానుకి మిల్లు కప్పంతా ఎగిరిపోయినా
వెంట్రుకవాసి చీలిక లేని గది.
మెల్లగా తట్టాం.
ఇటుక తర్వాత ఇటుక, పొరలు పొరలుగా
సున్నం విడిచింది.
నిలబడమన్నన్నాళ్లూ నిలబడి
వెళ్లమంటే వెళ్లిపోయే గోడని
నా సర్వీసులో మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రమే ఐజాక్ ని తీసుకుని కొండదిగువకి పోయి
కరక్కాయలు తెచ్చాను. బెల్లం దాలమ్మ పెట్టింది.
మూడురోజులు సున్నం నానింది, వీధంతా పానకం వాసన.
పిల్లలు వేలితో తీసి నాకబోతే
కర్ర పట్టుకుని కాపలా కూచుంది.

గుమ్మానికి చిన్న రైలు స్లీపర్లు,
మేకులు ఊడిన కన్నాల్లో చీమలు కాపురమున్నాయి,
వాటినీ వెళ్లగొట్టలేదు.
కిటికీకి ఎవరిదో బస్సు అద్దం.
కప్పుకి తారు డబ్బాలు చీల్చి, సాపు చేసి, మూడు చేతుల రంగు.
తలుపు మాత్రం మూతబడ్డ టాకీసుది.
దాని నుదుట ఒడియా అక్షరాలు, సగం చెరిగినవి: ప్రస్థాన.
బయటికి పోవడానికని రాసిన తలుపులోంచి
దాలమ్మ రోజూ లోపలికొస్తుంది.

కొలతలకొచ్చిన కుర్ర ఇంజినీరు
పక్కా అని రాయాలో కచ్చా అని రాయాలో తేలక
పెన్ను మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
"టీ తాగి రాయి బాబూ," అంది దాలమ్మ.
తాగాడు. ఏం రాశాడో మాకు తెలీదు.

చివరి వరస పెట్టే ముందు
బొచ్చెలో మాలుతో చిన్నగా అన్నాను,
ఎవరూ వినకుండా:
గట్టిగా పట్టు. అడిగినరోజు వదులు.

నాలుగు వందల ముప్ఫై మిగిలాయి,
బల్బు హోల్డరుకి పోయాయి.
దీపం వెలిగాక ఆమె సుద్దముక్క నా చేతికిచ్చింది.
"తలుపు వెనకాల రాయి మేస్త్రీ, ఇటుకలెన్నో."
ఎందుకన్నాను.
"లెక్కుండాలి కదా.
రేపు ఎవరికప్పజెప్పాలో ఏమో."

రాశాను.
మూడు వేల నాలుగు వందల పన్నెండు.